ధర్మకాంటకు తగిన ల్యాప్‌టాప్

లారీలను తూచే కాంట నిజం చెబుతోందో లేదో తెలియాలంటే మూలలు చూడాలి. నడిమధ్యన బరువు పెడితే చెడిపోయిన కాంట కూడా చాలాసార్లు సరైన అంకే చూపిస్తుంది. అదే బరువును ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుతూ, నాలుగు చోట్లా అదే అంకె వస్తుందా అని చూసినప్పుడే దాని లోపలి సంగతి బయటపడుతుంది. పటాన్‌చెరులో తూనిక యంత్రాలు బాగుచేసే చిన్న వర్క్‌షాప్‌లో చేరిన మొదటి వారమే నాకు ఈ పాఠం చెప్పారు. దాన్ని నేను కాంటలకే పనికొచ్చే పాఠమనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. సంగారెడ్డిలో పాలిటెక్నిక్ చదివి, అక్కడి నుంచే రోజూ బస్సులో పటాన్‌చెరు వెళ్ళి వచ్చేదాన్ని. వర్క్‌షాప్‌లో నేనొక్కదాన్నే ఆడమనిషిని. పాశమైలారం మందుల ఫ్యాక్టరీల్లోనూ, హత్నూర వైపు రైసుమిల్లుల్లోనూ నేను కాంట దగ్గరికి వస్తే, టీ ఇవ్వడానికి వచ్చాననుకున్నవాళ్ళు ఉన్నారు. నాకది బాధనిపించలేదు. తప్పుడు తూకం దేవుడికి గిట్టదని సండే స్కూల్లో నేర్చుకుని పెరిగినదాన్ని. ఆ మాటను ప్రతిరోజూ చేతులతో చేసే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది? జనం ఆ కాంటను ధర్మకాంట అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా నా తల కొంచెం పైకి లేచేది.

కాంట కింద బరువును పసిగట్టే ఉక్కు దిమ్మలు ఉంటాయి. అవి పంపే అంకెలు గదిలోని ఇండికేటర్ పెట్టెకు వస్తాయి. ఆ పెట్టెకు తొమ్మిది సూదుల కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్‌లో ఆ అంకెలు చదివి, ఏ మూల ఎంత తేడా ఉందో లెక్కగట్టి సరిచేయడం నా పని. చివర్న సర్టిఫికెట్ మీద సంతకం కూడా నాదే. మా దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ దుమ్ము తిని, వ్యాన్‌లో ఎగిరెగిరి ఒక ఎండాకాలం మొదట్లో చచ్చిపోయింది. సరిగ్గా అదే వారం పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి ఒక కాగితం వచ్చింది.

మా యజమాని ఈ ప్రాంతంవాడే. పొలం ఫ్యాక్టరీల కింద పోయాక ఈ వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇదేంది బిడ్డా, ఇంత పొడుగు కాయిదం?"

"మన కంప్యూటర్ల ఉన్న ప్రోగ్రాములన్నీ లైసెన్స్ ఉన్నయేనని రాసియ్యాల్నంట సార్. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టెటోళ్ళే దీని మీద గూడ పెట్టాల్నంట."

"పెట్టు మరి. దాన్ల ఏమున్నది?"

"మనది నకలు సీడీ సార్."

"పటాన్‌చెరుల నకలు కానిది ఎవ్వల దగ్గరున్నదే? ఆ కాయిదం పంపినోని ఇంట్ల గూడ నకలే ఉంటది."

"ఉంటే ఉండనియ్యిండ్రి. నేనైతే సంతకం పెట్ట సార్."

ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. "మీ చర్చిల సంతకాలు గూడ నేర్పిస్తరా?"

"అబద్ధం మీద పెట్టొద్దని నేర్పిస్తరు."

అసలు సీడీ కొనే ఆలోచన ఆయనకు లేదు. నా దగ్గర ఇంకో దారి ఉందని చెప్పాను. పాత పుస్తకాల బండి మీద కొన్న ఒక కంప్యూటర్ పత్రికతోపాటు లినక్స్ సీడీ ఊరికే వచ్చింది. ఎక్కడెక్కడి మనుషులో తలా కొంత రాసి, లోపలి రాతతో సహా అందరికీ పంచిన సిస్టమ్ అది. మా చర్చి సంఘంలో ప్రేమవిందు జరిగితే ఒకరు అన్నం, ఒకరు పప్పు, ఒకరు ఆకులు తెస్తారు. తెచ్చినవాళ్ళూ తినవచ్చు, ఏమీ తేనివాళ్ళూ తినవచ్చు. ఆ సీడీ గురించి చదివినప్పుడు నాకు ఆ విందే గుర్తొచ్చింది. వర్క్‌షాప్‌లో మూలన పడేసిన కంప్యూటర్ మీద దాన్ని ఎక్కించి, ఇండికేటర్ అంకెలు చదివే చిన్న ప్రోగ్రాం నేనే రాసుకున్నాను. అది పనిచేసిన రోజు ఇంటికి వెళ్ళేదాకా బస్సులో నవ్వుతూనే ఉన్నాను.

యజమాని అంతా విని ఒకే మాట అన్నాడు. "ఆ ఫ్యాక్టరీ కాంటకు సర్కారోళ్ళు ముద్ర వేసే దినం నెలకున్నది. ఒక ల్యాప్‌టాప్ నువ్వే ఏరుకో. నీ ఊరికొచ్చిన సిస్టమ్‌తోని కాంట నడిపియ్యి. నడిస్తే మంచిదే. నడవకుంటే పాత సీడీ ఎక్కిస్త, నువ్వు సంతకం పెట్టాలె. పెట్టనంటవా, పెట్టెటోళ్ళను తెచ్చుకుంట."

అప్పట్లో మా ఇంటికి నెలనెలా వచ్చే జీతం నాదొక్కటే. అయినా సరేనన్నాను.

మరుసటి వారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అమ్మే సందుకు వెళ్ళాను. ఏం కావాలో కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిది సూదుల పోర్టు ఉండాలి. ఎండలో అక్షరాలు కనబడాలి. లారీ కాంట ఎక్కినప్పుడు నేలంతా అదురుతుంది, దానికి తట్టుకోవాలి. భుజాన వేసుకుని బస్సెక్కగలగాలి. అన్నిటికన్నా ముందు, నా సీడీ పెడితే మాట వినాలి.

కొట్టు సేటు నా సీడీని చూసి అడ్డం పడ్డాడు. "పరాయి సీడీ పెడితే నా మాల్‌లో వైరస్ పడ్తది మేడం."

"ఇది లోపలి డిస్క్‌ను ముట్టదు సేట్. సీడీ మీది నుంచే నడుస్తది. బయటికి తీస్తే ఏమీ మిగలదు."

"అచ్ఛా! చుట్టమే గానీ కిరాయిదారు కాదంటరు." నవ్వి ఒప్పుకున్నాడు.

ఆ పగలంతా కూర్చుని చివరికి మూడింటిని పక్కన పెట్టాను. మొదటిది కొత్తది, పలచన, వెండి రంగు. రెండోది ఆఫీసుల్లో వాడే నల్లది. మూడోది ఏదో దేశంలో పోలీసు బండ్లలో వాడి వదిలేసినదట. ఇనుప పెట్టెలా మందంగా, మోయడానికి పిడితో, పోర్టుల మీద రబ్బరు మూతలతో ఉంది. దాని మూలలు గీసుకుపోయి రంగు లేచిపోయింది. మూడూ నా సీడీని తీసుకున్నాయి. పలచనిదైతే చదువుకున్న పిల్లలా అన్నిటికీ జవాబు చెప్పింది. బొమ్మ మెరిసింది, పాట వినిపించింది. తొమ్మిది సూదుల పోర్టు మాత్రం లేదు. దానికేం, మార్పిడి కేబుల్ ఇస్తానన్నాడు సేటు. ఇనుప పెట్టెకు పాట రాలేదు. మూత వేస్తే నిద్రపోయి మళ్ళీ లేవలేదు.

ఏది తీసుకోవాలో తేలలేదు. తేలలేదని నేను అనుకున్నాను.

శుక్రవారం చర్చిలో స్త్రీల కూడికలో ఈ సంగతిని ప్రార్థన మనవిగా పెట్టాను. మా సంఘంలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక ముసలామె ఉండేది. సంగారెడ్డి అంగట్లో కూరగాయలు అమ్మి పిల్లలను పెంచిన మనిషి. చదువు రాదు గానీ, వాక్యం ఎవరైనా ఒకసారి చదివితే ఆమెకు నిలిచిపోయేది.

"ఉద్యోగం మీద వడ్డదంటివి. చీట్లు వేద్దాం. ఏసు శిష్యులు గూడ వేసిన్రు గద," అంది.

మూడు కాగితం ముక్కల మీద మూడింటి పేర్లు రాసి మడిచాను. ప్రార్థన చేశాక పెద్దమ్మే కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. పలచనిది వచ్చింది. నా గుండె ఎంత తేలికైందంటే, ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పూట నన్ను నేను అడగలేదు. స్తోత్రం చెప్పుకుని ఇంటికి వెళ్ళాను.

మా యజమానికి సేటు పరిచయమే కాబట్టి నాలుగు రోజులు వాడి చూడమని ఆ ల్యాప్‌టాప్ ఇచ్చి పంపాడు. హత్నూర దగ్గర ఒక రైసుమిల్లు కాంటకు తీసుకెళ్ళాను. యజమాని కూడా వచ్చాడు. నాతో ఎప్పుడూ వచ్చే ఫిట్టరన్న తూకానికి పెట్టే ఇనుప బాట్లు దించాడు. ఒక్కొక్కటి ఇరవై కిలోలు. అన్నకు నడివయసు. మల్లన్న భక్తుడు. నన్ను ఆటపట్టించకుండా ఒక్క పూట కూడా గడిపేవాడు కాదు.

వాకిట్లో బల్ల వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఎండకు తెర అద్దమైపోయింది. అందులో నా ముఖం తప్ప ఏమీ కనబడలేదు. చున్నీ కప్పుకుని చూశాను. మొదటి మూలకు అంకెలు వచ్చాయి. బాట్లు రెండో మూలకు జరుపుతుండగా, మిల్లువాళ్ళు తూకం ఆపకపోవడంతో అవతలి వైపు నుంచి వడ్ల లారీ ఒకటి కాంట ఎక్కింది. బల్ల అదిరింది. మార్పిడి కేబుల్ కదిలింది, అంకెలు ఆగిపోయాయి. తీసి మళ్ళీ పెట్టాను. ఇంకో లారీ వచ్చింది, మళ్ళీ ఆగిపోయాయి. మూడోసారి అసలు కేబులే గుర్తుపట్టలేదు. ఇంతలో ఒళ్ళు కాలేంత వేడెక్కి యంత్రం తనంతట తానే ఆరిపోయింది.

"చెల్లె, మీ దేవుడు ఏసీ గదులల్లనే కంప్యూటర్ నడుపుతడా ఏంది?" అన్నాడు ఫిట్టరన్న.

యజమాని నవ్వలేదు. "బిడ్డా, ముద్ర దినం పది దినాలల్లకొచ్చింది. పాత సీడీ తీసి తుడిచి పెట్టుకో," అని వ్యాన్ వైపు నడిచాడు.

ఆ శుక్రవారం కూడికకు వెళ్ళాలనిపించలేదు. కానీ స్తోత్రం చెప్పినచోటనే సరిదిద్దుకోవాలి కదా. లేచి నిలబడి జరిగింది చెప్పాను. తొమ్మిది సూదుల పోర్టు లేక చీటీలో వచ్చింది పనికిరాలేదన్నాను. పెద్దమ్మ నిమ్మళంగా అడిగింది.

"చీటీ వేయమన్నది నేనే. చీట్లు రాసింది ఎవ్వలు?"

"నేనే పెద్దమ్మా."

"దానికి ఆ పోర్టు లేదని నీకు ముందుగాల ఎరుకనా?"

"ఎరుకనే."

"ఎరుకుండి గూడ ఎందుకు రాసినవ్?"

నేను మెల్లగా చాప మీద కూర్చున్నాను.

"యూదా జాగల ఇంకొకన్ని ఎంచుకున్న దినం శిష్యులు ఊకెనే చీట్లు వేసిన్రా? మొదలుకెల్లి మనతోని తిరిగినోడు గావాలె, కండ్లతోని సూసినోడు గావాలె అని ముందు జల్లెడ వట్టిన్రు. ఇద్దరు మిగిలినంక వేసిన్రు చీటీ. నేను టమాటలు గంపల వోసుకునేటప్పుడు పుచ్చినయి ఏరి పడేస్త. అన్ని గలిపి వోసి దేవుడా మంచిది నా చేతికియ్యి అంటే, ఆయన నవ్వడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది. ఆమె చెప్పిన వాక్యభాగం నేను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. సండే స్కూల్ పరీక్షల్లో ఆ ప్రశ్నకు బహుమతి కూడా తీసుకున్నాను. అక్షరం రానామె చూసిన వరస నేను చూడలేదు. నిజమేమిటంటే, ఆ వెండిరంగు యంత్రం నాకు నచ్చింది. నా కాగితంలోని మొదటి మాటకే అది నిలవదని తెలిసీ, నా ఇష్టాన్ని మడతపెట్టి దేవుడి ముందు పెట్టాను. నడిమధ్యన బరువు పెట్టి కాంట బాగుందని రాసినట్టే చేశాను.

మర్నాడు యజమానిని బతిమాలాను. "ఇంకొక్క దినం ఇయ్యిండ్రి సార్. ఈసారి కాంటను సూసినట్టు సూస్త."

"కాంటను సూసినట్టంటే?"

"మూలలు సూస్త."

ఆయనకు ఆ మాట నచ్చింది. ఫిట్టరన్నను కూడా వెంట పంపాడు.

కొట్టులో పలచనిదాన్ని తిరిగి ఇచ్చేసి, నల్లదాన్నీ ఇనుప పెట్టెనూ బల్ల మీద పెట్టించాను. నా సీడీ పెట్టి, కేబుల్ తగిలించి, సంచిలో తెచ్చుకున్న ఇండికేటర్ నుంచి అంకెలు వస్తుండగా, నల్లదాన్ని కుడివైపు మూల పట్టుకుని ఒక్క చేత్తో పైకి లేపాను. సేటు కుర్చీలోంచి లేచాడు.

"అరె మేడం! గట్ల లేపుతరా? పిల్లి పిల్లనా అది?"

"పిల్లి పిల్లనైతే మెడ పట్టి లేపుతుంటిమి సేట్," అన్నాడు ఫిట్టరన్న. "ఇది కాంట కాడికి వోయేది. నాలుగు మూలలు సూడాలె."

మూడో మూల పట్టి లేపినప్పుడు నల్లదాని తెర బిగుసుకుపోయింది. మళ్ళీ వెలిగించి లేపితే మళ్ళీ అదే మూల దగ్గర ఆగింది. లోపల ఏదో పలక వంగుతోందని అర్థమైంది. దాన్ని పక్కన పెట్టాను.

ఇనుప పెట్టెను నాలుగు మూలలూ లేపాను. అంకెలు ఆగలేదు. అన్న దాన్ని బయటికి తీసుకెళ్ళి, ఇంజను నడుస్తున్న మా వ్యాన్ ముందు మూత మీద పెట్టాడు. అది పళ్ళు కొరుకుతున్నట్టు కటకటలాడింది గానీ అంకెలు వస్తూనే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో అక్షరాలు పాలిపోయినట్టున్నా చదవడానికి వీలుగా ఉన్నాయి. తొమ్మిది సూదుల పోర్టుకు కేబుల్ మరలు బిగించాక, పట్టి లాగినా ఊడలేదు. గంటన్నర చూశాను. ఈసారి చీటీ వేయడానికి రెండోది మిగలలేదు.

"పాట రాదు మేడం దీనికి," అన్నాడు సేటు, అమ్మేవాడై ఉండి కూడా జాలిగా.

"చర్చి క్వయర్ల పాడనీకి కాదు సేట్," అన్నాను.

వర్క్‌షాప్‌కు రాగానే మావాళ్ళు దాన్ని తూచారు. తూనికలవాళ్ళ దగ్గరికి ఏ వస్తువు వచ్చినా జరిగే స్వాగతం అదే. నాలుగు కిలోలకు కొంచెం తక్కువ. "నువ్వు మోస్తవా, ఇది నిన్ను మోస్తదా?" అన్నాడు యజమాని. ఆ వారమంతా దాన్ని భుజాన వేసుకుని, ఉన్న కాంటలన్నీ తిరిగాను. నిద్రపోతే లేవదు కాబట్టి మూత వేసినా పడుకోవద్దని దానికి చెప్పిపెట్టుకున్నాను. ముద్ర రోజు వచ్చేసరికి నాకు దాని గుణాలన్నీ తెలుసు.

ఆ రోజు పాశమైలారం ఫ్యాక్టరీ కాంట దగ్గర తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, మా యజమాని, ఫ్యాక్టరీ క్వాలిటీ ఆఫీసరు ఉన్నారు. ఆఫీసరుది గుంటూరు వైపు. పద్ధతి గల మనిషి. ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివేవాడు. రెండు మూలలు అయ్యాయో లేదో, ఆ ఏటి మొదటి వాన ఒక్కసారిగా దిగింది. అందరూ రేకుల కిందికి పరుగెత్తారు. నేను కేబుల్ విప్పలేదు. మూడో మూల లెక్క సగంలో ఉంది.

"అమ్మాయ్! మూసెయ్యండి, పాడైపోద్ది!" అని ఆఫీసరు అరిచాడు.

మీటల మీద చినుకులు పడుతున్నాయి. చున్నీతో తుడుచుకుంటూ చదివాను. ఫిట్టరన్న తడుస్తూనే బాట్లు నాలుగో మూలకు చేర్చాడు. నాలుగు చోట్లా ఒకే అంకె. అది చూసినప్పుడు నాలో కలిగిన దాన్ని గర్వమనే అనాలి. గర్వం మంచిది కాదని నేర్చుకున్నదాన్నే. అయినా ఆ అంకె ముందు నేను దాన్ని దాచుకోలేకపోయాను. ఇప్పటికీ దాచుకోలేను.

ఇన్‌స్పెక్టరు తన లెక్క తాను చూసుకుని ముద్ర వేసి వెళ్ళాడు. మిగిలింది ఆ పొడుగు కాగితం.

ఆఫీసరు ల్యాప్‌టాప్‌ను తిప్పి అడుగున చూశాడు. "లైసెన్స్ స్టిక్కర్ ఏదండీ?"

"దీనికి స్టిక్కర్ ఉండదు సార్. లైసెన్స్ లోపల ఉంటది. అచ్చు తీసి తెచ్చిన." కాగితాలు ఇచ్చాను.

నిలబడి మొత్తం చదివాడు. వెనక్కి తిప్పి ఒక పేజీ మళ్ళీ చదివాడు. "ఎవరికి కావాలంటే వాళ్ళకి కాపీ ఇచ్చుకోవచ్చని రాశాడేంటి? ఇరవై ఏళ్ళ సర్వీసులో లైసెన్స్ అంటే కాపీ చెయ్యకూడదనే చదివానండీ."

"ఇది తీసుకున్నోళ్ళు మళ్ళీ ఇయ్యాలని రాసిన లైసెన్స్ సార్. లోపల ఏమున్నదో సూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. తూకం చదివే ప్రోగ్రాం నేను రాసిందే."

"ఊరికే ఇచ్చిందాన్ని నమ్మి పరేషాన్ అయితరని అనుకుంటున్నరా సార్?" మా యజమాని ముందుకు వచ్చాడు. నెల కిందట నకలు సీడీ ఎక్కిస్తానన్న మనిషి. "నాలుగు మూలలు మీ కండ్ల ముందటనే వచ్చినయి. మా బిడ్డ సదివినంకనే సంతకం పెడ్తది. మీరు గూడ సదివిన్రు. ఇగ పెట్టుండ్రి."

ఆఫీసరు నావైపు పెన్ను జరిపాడు. తడి వేళ్ళు తుడుచుకుని, నా పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. ఆయనా పెట్టాడు. లైసెన్స్ కాగితాలను దానికి కుట్టి ఫైల్లో పెట్టించాడు.

వాన తగ్గాక వ్యాన్‌లో బాట్లు ఎక్కిస్తుంటే ఆఫీసరు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో కూడా ఒక కంప్యూటర్ ఉందండీ. అందులో ఉన్నది... మీకు తెలిసిందే. ఆ సీడీ ఒక కాపీ దొరుకుద్దా?"

సంచిలో ఇంకొకటి ఉంది. తీసి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ చూసి, అలవాటు కొద్దీ దాన్ని ఫైలు మధ్యలోకి దూర్చబోయాడు.

"దాచుకునే పని లేదు సార్," అన్నాను. "ఇప్పుడే సంతకం పెట్టింది దానికే గద."

ఆయన నవ్వి సీడీని బయటికి తీశాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌లూ లారీ డ్రైవర్లూ చూస్తుండగా, దాన్ని చేతిలో పట్టుకునే ఆఫీసు వైపు నడిచి వెళ్ళాడు.